సౌండు పెట్టు, బాబూ

రెండు వేళ్ళు నాలిక కింద పెట్టాలి. నాలికను వెనక్కి మడవాలి. పెదవులు బిగించి ఊదాలి. ప్రేమ్‌కుమార్ చెప్పినట్టే అంతా చేసింది కళ్యాణి. ఫుస్సుమని గాలొచ్చింది. గాలితోపాటు కాస్త ఉమ్ము కూడా ఎగిరి అతని చొక్కా జేబు మీద పడింది.

"ఇస్త్రీ సొక్కా అది," అన్నాడతను తుడుచుకోకుండానే నవ్వుతూ. "ఈల రావాలంటే ముందు సిగ్గు పోవాల."

"సిగ్గు ఎప్పుడో పోయింది. ఈలే రావట్లేదు," అంది కళ్యాణి.

ట్రాఫిక్ అనే పేటలో తెలుగువాళ్ళ సంఘం హాలు ముందు జనం గుమిగూడి ఉన్నారు. పల్లీల బండి దగ్గర దీపం అప్పుడే వెలిగించారు. కళ్యాణికి పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. టెక్కలిలో బి.ఎస్సీ. చదివి, రైలెక్కి ఈ బెంగాలీ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి అన్నీ వేడుకలే. మట్టి కప్పులో టీ తాగి కప్పు నేలకేసి కొట్టడం ఒక వేడుక. మరమరాల్లో ఆవనూనె ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరగడం ఒక వేడుక. కూరగాయల మనిషి తనని "బౌదీ" అని, వదినా అన్నట్టు, పిలవడం, ఆ పిలుపుకి తనే పెద్దదానిలా పలకడం ఇంకో వేడుక. అన్నిటికన్నా మొగుడి ఈల. గోల్‌బజార్‌లో చేపల వరస దగ్గర ఇద్దరూ తప్పిపోతే, ఆ ఈల జనంలోంచి వచ్చి చెయ్యి పట్టుకున్నట్టు ఆమెను పట్టుకునేది. క్రికెట్ మ్యాచిలో, పెళ్ళి ఊరేగింపులో, సినిమాలో కరెంటు పోయినప్పుడు, మొదటి ఈల ప్రేమ్‌కుమార్‌దే. అతను వేశాకే మిగతావాళ్ళు అందుకునేవారు.

"ఏటి, ఇంకా ఇక్కడే నిలబడ్డారేటి? ముందు వరస పోతాది. బేగి రండి!"

అత్త సింహాచలమ్మ. కొడుకు పెళ్ళికి కట్టిన పట్టుచీర మళ్ళీ కట్టింది. తలలో బంతిపువ్వు. వాకిట్లో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్తోంది: "నాను ఉన్నాను అందులో. ఊరికే కనపడ్డం కాదు, మాటాడినాను. శానా సేపు మాటాడినాను."

ఆ పూట హాల్లో వేసే సినిమా తీసినవాడు రాజ్ కిరణ్. ఈ ట్రాఫిక్‌లోనే పుట్టి పెరిగి, కోల్‌కతాలో సినిమా చదువు చదివాడు. కిందటేడు చలికాలంలో కెమెరాతో వీళ్ళుండే నిమ్‌పురా పేటకి వచ్చి, సింహాచలమ్మని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, పోయిన ఆమె భర్త గణపతిరావు గురించి చెప్పమన్నాడట. "నువ్వు సెప్పు పిన్నీ, లోకం వింటాది," అన్నాడట. ఆమె చెప్పింది. ఏం చెప్పిందో కళ్యాణికి తెలీదు. మామగారు ఊరవతల వేగన్లు బాగుచేసే ఒక ప్రైవేటు షెడ్డులో పనిచేస్తూ వేగన్ కింద నలిగి పోయారనీ, ఆయన ఉద్యోగమే ఇప్పుడు ప్రేమ్‌కుమార్ చేస్తున్నాడనీ, అంతవరకే తెలుసు. ఎప్పుడడిగినా అత్త ఒక్కటే అనేది: "సినిమా వొస్తాది కదేటి, అందులో ఇను. మళ్ళీ మళ్ళీ సెప్పనేను."

అందుకే కళ్యాణి కూడా ఈ సినిమా కోసం పెళ్ళయిన నాటినుంచీ ఎదురుచూస్తోంది.

సినిమా పేరు 'గొడుగులో వాన'. తెర మీద ఒక డిటెక్టివు గొడుగు వేసుకుని నడుస్తున్నాడు. చుట్టూ ఎండ. గొడుగు లోపల మాత్రం వాన. భలేగా ఉందే అనుకుని కళ్యాణి మొగుడి చెయ్యి అందుకుంది. డిటెక్టివు వేగన్ తలుపు తీశాడు. లోపల శవం. వీణ్ణెవరో చంపారన్నమాట, ఎవరో కనిపెడతాడన్నమాట, అని ఆమె సర్దుకుని కూర్చుంది. తలుపు మూసి మళ్ళీ తీశాడు. శవానికి వేరే మొహం. ఇంకోసారి తీశాడు. ఈసారి శవానిది డిటెక్టివు మొహమే. తర్వాత స్టేషన్ మాస్టరు కుర్చీలో మేక. మేక మెడలో ముళ్ళు లేని గడియారం.

"ఆ మేక ఎవుళ్ళదిరా?" అన్నారెవరో వెనకనుంచి.

"నాదే!" అన్నాడు పాలు పోసే సొలొమోను గర్వంగా. "రెండ్రోజులు తోలుకెల్లి ఆకు కూడా పెట్టలేదు ఎదవలు."

హాలంతా నవ్వింది. తెర మీద ఫ్యాక్టరీ సైరన్ మోగింది. చివరి వరసలో రిటైరైన ముసలాయనొకడు పాత అలవాటుకొద్దీ లేచి నిలబడి, అటూ ఇటూ చూసి మళ్ళీ కూర్చున్నాడు. సైరన్ ఆగాక డిటెక్టివు ఒక మెట్ల దారిలో దిగుతూ, దిగుతూ, దిగుతూనే ఉన్నాడు. కళ్యాణికి ఆవులింత వచ్చింది. డిటెక్టివు నవలలు చదివితే సగంలోనే దొంగని పట్టేసే పిల్ల ఆమె. హాస్టల్లో ఆమెకా పేరుంది. ఇక్కడ పట్టడానికి ఒక్క కొస కూడా దొరకడం లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో లేదు. ముందు జరిగింది ఏదో, తర్వాత ఏదో లేదు. గణితం పరీక్షలో ప్రశ్నే సగం అచ్చేసి ఇచ్చినట్టు ఒళ్ళు మండుతోంది.

అప్పుడు ప్రేమ్‌కుమార్ తన చేతిని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

తెర మీద అరుగు వచ్చింది. నీలం తలుపు, చీపురు, తిరగేసిన బకెట్టు. అరుగు మీద సింహాచలమ్మ.

చప్పట్లు. పిల్లలు కేకలు. కుర్చీలో సింహాచలమ్మ కొంగు నిండా కప్పుకుని నిటారుగా కూర్చుంది. తెర మీది సింహాచలమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, కెమెరాకేసి చూసి మాట్లాడ్డం మొదలుపెట్టింది.

మాట వినిపించలేదు. పెదవులు కదులుతున్నాయి. చెయ్యి ఎత్తి ఎటో చూపించింది. మళ్ళీ మాట్లాడింది. ఎక్కడో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సౌండ్!" అని అరిచాడొకడు. "సౌండ్! సౌండ్!" హాలంతా అందుకుంది. కుర్చీలు చప్పుడయ్యాయి. కాళ్ళు నేలకేసి తొక్కారు. పక్కింటి జోగమ్మ ఏకంగా లేచి నిలబడింది. "ఒరే రత్నం, నిద్దరోతున్నావేటి? మా సింహాచలం మాటాడతంటే సౌండు తీసేస్తావా? ఇన్నాళ్ళకి ఒక మంచి సీను వొస్తే!"

సింహాచలమ్మ కూడా వెనక్కి తిరిగింది. మిషను ఉన్న గది కిటికీకేసి చెయ్యెత్తి, బస్సు ఆపమని అడిగినట్టు మర్యాదగా అంది: "సౌండు పెట్టు, బాబూ."

మిషను నడిపే రత్నం బయటికొచ్చాడు. "నానేటి సెయ్యనమ్మా! మిషను బాగానే ఉంది. కుళాయి సప్పుడు ఇనబడతంది కదా. సినిమాయే అలాగుంది."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. తెర మీద మొహం దగ్గరికొచ్చింది. పెదవులు మాత్రమే నిండుగా, తలుపంత. అవి కదులుతున్నాయి. ఆగుతున్నాయి. వణుకుతున్నాయి. మళ్ళీ కదులుతున్నాయి. అసలు సింహాచలమ్మ ఇంకా నిలబడే ఉంది.

కళ్యాణి ఈల కోసం చూసింది. హాలు మొత్తం గోల చేస్తుంటే ఒక్క ఈలా పడలేదు. పక్కకి తిరిగింది. ప్రేమ్‌కుమార్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. తెరకేసి చూడ్డం లేదు. కింద ఎవరో పారేసిన పల్లీ తొక్కల్ని చూస్తున్నాడు.

సినిమా అయిపోయిందో లేదో కూడా ఎవరికీ తెలీలేదు. డిటెక్టివు గొడుగు ముడిచి వేగన్‌లోకి ఎక్కాడు. తలుపు మూసుకుంది. దీపాలు వెలిగాయి. రాజ్ కిరణ్ వేదికెక్కి మైకు అందుకున్నాడు. గెడ్డం, ఖాదీ చొక్కా, మెత్తని గొంతు.

"వినిపించలేదని మీరంతా అరిచారు చూడండి, అదే నా సినిమా," అన్నాడు. "లోకంలో కొన్ని నోళ్ళు కదులుతూనే ఉంటాయి. మనకి వినిపించదు. ఆ మౌనమే ఇక్కడ సాక్ష్యం."

ముందు వరసలో ఒక మాస్టారు చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే బాగుండదేమోనని మిగతావాళ్ళు కూడా కొట్టారు.

ఇంటికి నడిచే దారిలో జోగమ్మ ఊరుకోలేదు. "మౌనం ఇనడానికి హాలు దాకా ఎందుకు, మా ఆయన పక్కన కూకుంటే సాలు. ఇంతకీ ఆ వేగన్‌లో వోణ్ణి ఎవుడు సంపీసినాడే? అది సెప్పకుండా లైట్లేసేసినారేటి?"

"నాను సెప్పినాను కదేటి," అంది సింహాచలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. వాకిట్లో పెట్టిన చెప్పులు కనపడకపోతే వెతుక్కునే మనిషి గొంతులా ఉంది. "పేరు పెట్టి మరీ సెప్పినాను. అరుగు మీద కూకొని సెప్పినాను. వొళ్ళంతా వొణికిపోతంటే సెప్పినాను."

ప్రేమ్‌కుమార్ వాళ్ళకన్నా చాలా ముందు నడుస్తున్నాడు.

*

ఆదివారం గడిచేసరికి కాలనీలో గాలి మారింది. కోల్‌కతా పేపర్లో ఈ సినిమా గురించి గొప్పగా రాశారట. ఎవరి ఫోన్లోనో ఆ పేపరు ఫోటో వచ్చింది. ఆ ఫోటో అందరి ఫోన్లకీ పాకింది. శనివారం సినిమాలో నిద్రపోయినవాళ్ళు కూడా సోమవారం పొద్దున్న కుళాయి దగ్గర అర్థాలు చెప్పుకుంటున్నారు. గొడుగు అంటే మనసట. మెట్లంటే జన్మలట. మేకంటే కాలమట.

"నా మేకని కాలం అంటన్నారమ్మా," అన్నాడు సొలొమోను పాలు కొలుస్తూ. "పాలు మాత్రం ఎప్పట్లాగే ఇస్తంది."

కళ్యాణి నవ్వింది. జోగమ్మ నవ్వలేదు. "సదువుకున్నోళ్ళ సినిమాలు అలాగే ఉంటాయిరా. మనం అరిసి పరువు తీసుకున్నాం. బుధారం మళ్ళీ ఏస్తారంట, కోల్‌కతానుంచి పెద్దోళ్ళు వొస్తారంట. అప్పుడైనా నోరు మూసుకొని సూడాల," అంది. ఆ మాటంటూ సింహాచలమ్మ భుజం తట్టింది. "నీ మౌనానికే పేరొచ్చిందే, సింహాచలం!"

సింహాచలమ్మ బిందె ఎత్తుకుంది. నడుం మీద సర్దుకుంది. అప్పుడంది కోడలితో: "నీళ్ళు పెట్టేసి రా. రాధారాణి ఇంటికెల్దాం."

రాధారాణి రాజ్ కిరణ్ తల్లి. ట్రాఫిక్‌లో వాళ్ళ ఇంటి ముందు గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి, బిస్కట్లు పెట్టి, టీకి లోపలికెళ్ళింది. రాజ్ కిరణ్ తడి తలతో వచ్చి సింహాచలమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. "పిన్నీ, నీ మొహం గురించే రాశారంతా. మన ఊళ్ళో ఇంత గొప్ప మొహం ఉందని నాకే తెలీదు."

"మొహానికేటి గానీ బాబూ, నా మాటలేవి?"

"మాటలుంటే సినిమా చిన్నదైపోయేది పిన్నీ. ఒక ఊరి కథ, ఒక షెడ్డు కథ అయిపోయేది. ఇప్పుడది అందరి కథా అయింది."

సింహాచలమ్మ ఆ మాటని బియ్యంలో రాయిని చూసినట్టు చూసింది. "అందరి కథా నాకేటి తెల్సు బాబూ. నాది నాను సెప్పినాను. సర్లే, నీ సినిమా నీది. నువ్వెలాగైనా తీసుకో. అప్పుడు నాను మాటాడింది నీ కాడ ఉంటాది కదా, మిషన్లో? అది నాకిచ్చీ. నా కోడలు ఇంటాది."

రాజ్ కిరణ్ తువ్వాలుతో తల తుడుచుకోవడం ఆపాడు.

"అది లేదు పిన్నీ. తీసేశాం. ఉంచొద్దన్నారు."

"ఎవుళ్ళు?"

అతను సింహాచలమ్మని దాటి కళ్యాణికేసి చూశాడు. ఆ చూపులో కాస్త ఆశ్చర్యం ఉంది. నీకు తెలీదా వదినా, అన్నట్టు. తర్వాత చూపు దించుకుని గడప దగ్గర వాళ్ళు విడిచిన చెప్పులకేసి చూశాడు. కళ్యాణికి శనివారం నుంచీ చేతికి దొరకని కొస ఇప్పుడు తనంతట తానే వచ్చి ఒళ్ళో పడింది. పల్లీ తొక్కలు. మోకాళ్ళ మధ్య చేతులు. తెర మీదికి అరుగు రాకముందే వదిలేసిన చెయ్యి.

"టీ తాగేసి ఎల్దాం పద," అంది సింహాచలమ్మ. రాధారాణి టీ తెచ్చేలోపే, తాగకుండానే లేచింది.

దారిలో ఆమె రెండు వంకాయలు ఎక్కువ వేయమని కూరలమ్మితో తగువు పడింది. ఆటోలో పక్కనున్న బెంగాలీ ముసలమ్మతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. అత్తకి పాపం ఏమీ తెలీలేదు, తెలీకపోవడమే మంచిది, అనుకుంది కళ్యాణి.

*

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చాక ప్రేమ్‌కుమార్ పెరట్లో చేతులు కడుక్కోవడం ఒక పెద్ద పని. ముందు కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడవాలి. తర్వాత సబ్బు పొడిలో చిటికెడు రంపపు పొట్టు కలిపి వేళ్ళ సందుల్లో రుద్దాలి. కళ్యాణి మగ్గుతో నీళ్ళు పోయాలి. ఆఖరి మగ్గు మాత్రం అతనే లాక్కుని ఆమె మీద చిలకరించేవాడు. ఆమె అరిచేది. రోజూ అదే ఆట, రోజూ కొత్తే.

ఆ రోజు అతను చేతుల నిండా నురగ చేసుకుని చాపాడు. కళ్యాణి మగ్గు ఎత్తి పొయ్యలేదు.

"మీరే తీయించారు కదా," అంది.

అతను ఏమిటని అడగలేదు. వంటింటికేసి చూశాడు. లోపల సింహాచలమ్మ వంకాయలు తరుగుతున్న చప్పుడు.

"నీళ్ళు పొయ్యి," అన్నాడు చిన్నగా.

"అత్తమ్మ అప్పట్నుంచీ ఎదురుచూసింది."

"పేరు పెట్టి సెప్పేసింది కల్యానీ. ఆ పేరుగలాయనే ఇప్పుడు నా ఫోర్‌మన్. పొద్దున్నే నాకు పని పంచేది ఆయనే. రేపు ఈ సినిమా షెడ్డులో ఎవుడో ఒకడి ఫోన్లో పడతాది. నానేటి సెయ్యాల?"

"పేరొక్కటే తీసెయ్యమనాల్సింది."

"పేరు తీస్తే మటుకు? మిగిలింది ఇంటే ఎవుడో తెలీదేటి? షెడ్డుకి ఉన్నది ఒక్కడే ఫోర్‌మన్." అతని వేళ్ళ మధ్య నురగ ఆరిపోతోంది. "నాన్న తప్పే అని ఒప్పుకుంటేనే నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. అమ్మ ఒప్పుకుంది. వేలిముద్ర ఏసింది. ఏసినాక మళ్ళీ కెమెరా ముందు కూకొని అలాగ సెప్పొచ్చా?"

"ఏం చెప్పింది?"

"నన్నడక్కు."

"నేను ఈ ఇంటి మనిషిని కాదా?"

అప్పుడతను తలెత్తి ఆమెని చూశాడు. కోపంగా కాదు. అదే ఆమెకి ఎక్కువ బాధ పెట్టింది. "అవును కాబట్టే సెప్తన్నాను. మీ నాన్న ఏటి సూసి ఇచ్చినాడు నిన్ను? నా ఈల సూసా? ఈ ఉద్యోగం సూసే కదా. అమ్మ నోరు మూసుకుంటే వొచ్చిన ఉద్యోగమే అది."

కళ్యాణి మగ్గు వంచింది. నీళ్ళు అతని చేతుల మీదుగా నల్లగా జారి తులసి మొక్క మొదట్లోకి పోయాయి. ఆఖరి మగ్గు అతను అలవాటుగా అందుకుని, నాలుగు చుక్కలు ఆమె మొహం మీద చిలకరించాడు. ఆమె అరవలేదు. కొంగుతో తుడుచుకుని లోపలికెళ్ళింది. పెళ్ళిచూపుల్లో నాన్న అన్న మాట గుర్తొచ్చింది: "మంచి పని, తండ్రి చోట్లో దొరికింది. అదృష్టవంతుడు." ఆ మాటకి తనూ తలుపు చాటునుంచి నవ్వింది.

*

బుధవారం సాయంత్రం సింహాచలమ్మ మళ్ళీ పట్టుచీర తీసింది. కళ్యాణి మంచం మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతూ మెల్లగా అంది, "మళ్ళీ ఎందుకత్తమ్మా? అర్థం పర్థం లేని సినిమా. నాకైతే తలనొప్పి."

"నాకు అర్థమైపోనాదిలే."

"ఏమిటి?"

"ఆ రోజు హాలంతా సౌండు, సౌండు అని గోల సేత్తంటే నీ మొగుడు ఈల ఎయ్యలేదు." సింహాచలమ్మ పిన్నీసు పళ్ళమధ్య పట్టుకుని మాట్లాడుతోంది. "వోడు సిన్నప్పుడు గుళ్ళో దీపం ఆరిపోతే కూడా ఈల ఏసేవోడు. అప్పుడే తెల్సిపోనాది."

కళ్యాణి చేతిలో కుచ్చిళ్ళు జారిపోయాయి. "మరి రాజ్ కిరణ్ ఇంట్లో…"

"నా మాటలు నాకు దొరుకుతాయేమోనని ఎల్లినాను. ఎవుడు తీయించినాడో రాజ్ కిరణ్ నోటంట నీకు ఇనిపించాలని కాదు. అడిగేసినాక తప్పనిపించినాది, బేగి లేసిపోనాను." పిన్నీసు భుజం దగ్గర గుచ్చుకుంది. "కడుపున పుట్టినోడు. ఆ వేగన్ల కిందకి రోజూ దూరతాడు. వోణ్ణి ఏటనగల్ను?"

"మరిప్పుడెందుకు వెళ్ళడం?"

"ఇంట్లో సెప్పనేను కల్యానీ. ఈ గోడల మధ్య వోడుంటాడు. నోరు రాదు. అక్కడైతే తెర మీద నా నోరు కదులుతాది. అది సూస్తా ఉంటే ఏ మాట ఎనక ఏ మాటో వొచ్చేస్తాది. నా పక్కన కూకో. నీ సెవిలో సెప్తాను. ఒక్కర్తివైనా ఇను."

ఆమె బొట్టు దిద్దుకుని కొడుకుని కేకేసింది. "నువ్వూ రా, బాబూ. నీ పెళ్ళాన్ని ఒక్కర్తినే తీసుకెల్తే బాగోదు."

హాలు ఆ రోజు వేరేగా ఉంది. ముందు వరస కుర్చీలకి తెల్లగుడ్డలు తొడిగారు. కోల్‌కతా నుంచి వచ్చినవాళ్ళు, చేతుల్లో పూలగుత్తులు. పిల్లల్ని రానివ్వలేదు. పల్లీలు లోపలికి తేవద్దని వాకిట్లోనే చెప్పారు. ప్రేమ్‌కుమార్ ఒక పక్క, సింహాచలమ్మ ఒక పక్క, మధ్యలో కళ్యాణి. సరిగ్గా వెనక వరసలో జోగమ్మ, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు.

గొడుగులో వాన పడింది. ఎవరూ మాట్లాడలేదు. శవానికి మొహాలు మారాయి. ఎవరూ మాట్లాడలేదు. మేక కుర్చీలో కూర్చుంటే సొలొమోను కూడా నోరెత్తలేదు. అర్థం కానివాళ్ళందరూ అర్థమైనట్టు కూర్చోవడం వల్ల హాలు బరువెక్కింది. కళ్యాణికి ఈసారి ఆవులింత రాలేదు. వేగన్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమెకి అందులో ఒకే మొహం కనిపించింది. గోడ మీద దండ వేసిన ఫోటోలోని మొహం.

నీలం తలుపు. చీపురు. బకెట్టు. అరుగు.

తెర మీద పెదవులు కదిలాయి. కళ్యాణి చెవి దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది.

"ఆ పొద్దు మీ మామ సద్దన్నం తినలేదు," అంది సింహాచలమ్మ గుసగుసగా. తెర మీది నోరు ఆగిన చోట ఆగుతూ, కదిలిన చోట అందుకుంటూ. "బేగి రమ్మన్నారని ఎల్లిపోనాడు. డబ్బా కట్టినాను. ఆ డబ్బా మర్నాడు ఎవుడో తెచ్చి ఇచ్చినాడు. మూత తియ్యలేదు. అలాగే ఉంది అన్నం."

తెర మీద చెయ్యి ఎత్తి ఎటో చూపించింది.

"అటు, ఆ లైను మీద వేగన్. కిందకి దూరి పని సెయ్యాలంటే ముందు రెండు పక్కలా ఎర్రజెండా పాతాల. జెండా ఉంటే ఇంజను రాదు. మీ మామ జెండా అడిగినాడు. ఆ తట్టు పనిసేసేవోళ్ళు ఇన్నారు, నా కాళ్ళ మీద పడి సెప్పినారు. జెండా ఏదండీ అని రెండుసార్లు అడిగినాడంట. ఇంత పనికి జెండా ఎందుకురా, ముసలోడివైపోనావేటి, బయమేస్తందా, అని ఫోర్‌మన్ నవ్వినాడంట. అందరి ముందూ నవ్వినాడంట. మీ మామకి రోసం వొచ్చి దూరీసినాడు."

కళ్యాణికి అవతలి పక్కన కుర్చీ కిర్రుమంది.

పెదవులు తెరనిండా వచ్చాయి. ఆగాయి. వణికాయి. గుసగుస కూడా ఆగి, వణికి, కాస్త గట్టిపడింది. "ఇంజను వొచ్చి తగిలినాది. జెండా పాతి ఉంటే మనిషి ఉండేవోడు. పనయ్యాక, మనిషి పోయాక, అప్పుడు పాతినారు జెండా. నాను ఎల్లేసరికి కొత్త జెండా గాలికి ఊగతంది. ఆ నవ్వినోడి పేరు…"

"ష్ష్!"

జోగమ్మ ముందుకి వంగింది. కుర్చీ వీపు మీద వేళ్ళతో కొట్టింది. "ఊరుకోవే సింహాచలం! పెద్దోళ్ళందరూ సూస్తన్నారు. ఈ సీనులోనే కదేటి అసలు మౌనం! మాటాడి పాడు సెయ్యకు."

ఇంకెవరో కూడా ష్ష్ అన్నారు. ముందు వరసలోంచి ఒక తల తిరిగి చూసింది. సింహాచలమ్మ నోరు మధ్యలో ఆగిపోయింది. చెయ్యి పెదవుల మీదకి వెళ్ళింది. తెర మీద ఆమె పెదవులు మాత్రం ఆగలేదు. పేరు చెప్తున్నాయి. చెప్పి, ఇంకోసారి చెప్తున్నాయి. కుళాయి చుక్కలు పడుతున్నాయి.

కళ్యాణి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది. నాలిక మడిచింది. పెదవులు బిగించి ఊదింది.

ఈల పడింది.

సన్నగా, కోసినట్టు, హాలు ఈ చివరినుంచి ఆ చివరికి. ముందు వరసలో తెల్లగుడ్డల మీద తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. జోగమ్మ "ఓలమ్మో!" అంది. కళ్యాణి తడి వేళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. ఈ హాల్లో ఒక ఈల పడితే రెండోది ఎక్కడ్నుంచి రావాలో అందరికీ తెలుసు. ఆమె పక్కకి తిరిగి చూసింది.

ప్రేమ్‌కుమార్ ఆమెనే చూస్తున్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. కుడిచెయ్యి మోకాళ్ళ మధ్యనుంచి బయటికొచ్చింది. గ్రీజు పోని గోళ్ళు, రెండు వేళ్ళు కలిసి గెడ్డం దాకా లేచాయి. అక్కడ కాసేపు ఆగాయి. తర్వాత అతను ఆ వేళ్ళతో మూతి తుడుచుకుని, ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగాడు.

"కూకో," అన్నాడు. "అందరూ సూస్తన్నారు."

తెర మీద నోరు మూసుకుంది.